పెట్టె ఒకరిది, యంత్రం ఒకరిది

వేలం కంపెనీలో పాత వస్తువులకు వెల కట్టే ఉద్యోగం ఆయనది. ఆఫీసులో అందరూ వెనకాల ‘అయితేగారు’ అనేవాళ్లు. ఏ వస్తువు తెచ్చి ముందు పెట్టినా ‘అసలుదే అయితే’, ‘అతుకులు లేకపోతే’, ‘కొనేవాడంటూ దొరికితే’ అని షరతులు పరిచాక గాని నోట్లోంచి అంకె రాల్చడు. తీరా రాలిన అంకె, తెచ్చినవాళ్లు మనసులో పెంచుకున్న అంకె పక్కన నిలబడటానికి కూడా సిగ్గుపడేది. ఇన్నేళ్లలో ఆయన బల్ల ముందు నుంచి నవ్వుతూ లేచి వెళ్లినవాళ్లు అరుదు. అందుకు ఆయనకి బెంగా లేదు, గర్వమూ లేదు. ఇంట్లో మాత్రం ఒక్క పాత వస్తువు కూడా ఉంచుకోడు. కూర్చునే కుర్చీ దగ్గర్నుంచి కూర గరిటె దాకా అన్నీ కొత్తవే.

అలాంటి మనిషికి అత్తవారింటి నుంచి పిలుపు వచ్చింది. పిలిచింది అత్తగారు, చేరవేసింది భార్య.

“అమ్మ వాళ్లింట్లో గడియారం ఉంది చూడండి, చలిమంట గూటి మీద. దానికి వెల కట్టాలట.”

“అమ్ముతారా?”

“అమ్మరు. పంచుకుంటారు.”

“ఒక్క గడియారాన్ని ఎలా పంచుకుంటారు?”

“తెలిస్తే మిమ్మల్నెందుకు పిలుస్తారు?” అంది భార్య.

సంగతేమిటంటే, అత్తగారు భర్త పోయాక చెల్లెలి దగ్గరికి వచ్చి ఉంటోంది. చెల్లెలంటే అల్లుడికి పినత్తగారు. పెళ్లి చేసుకోలేదు. మందుల షాపులో ఉద్యోగం. పాత మేడలో రెండో అంతస్తు, రెండు గదులు, ఒక వంటిల్లు. అత్తగారు ముందుగదిలో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పేది. అక్కాచెల్లెళ్లు ఏళ్ల తరబడి ఒకే కుంపటి మీద కాగిన టీ తాగుతూ, ఒకే గొడుగు కింద బజారుకి పోతూ, ఎవరి మాట వాళ్లది నెగ్గించుకుంటూ సుఖంగానే ఉన్నారు. అలాంటిది యాభై ఎనిమిదో ఏట పినత్తగారు పెళ్లి చేసుకుంటానంది. వరుడు మందుల షాపు పక్కన కళ్లజోళ్ల దుకాణం ఆయన. భార్య పోయి చాలా కాలమైన మనిషి. పేరేదో ఉండే ఉంటుంది గాని వీధి మొత్తానికి కళ్లజోళ్లాయనే.

ఆ కబురు తెలిసిన రోజు నుంచి అత్తగారు చెల్లెలితో మాట్లాడటం మానేసింది. కోపమని ఎక్కడా అనలేదు. “దానికిష్టమైంది, చేసుకోనీండి” అని అందరితోనూ అంది, చెల్లెలితో తప్ప.

సామాను పంపకం మాత్రం ఒక్క మధ్యాహ్నంలో మూగసైగలతో అయిపోయింది. ఫ్రిజ్ మీద అక్క చెయ్యి వేస్తే చెల్లెలు తల ఊపింది. పుస్తకాల బీరువా ముందు చెల్లెలు నిలబడితే అక్క పక్కకి తప్పుకుంది. చిక్కంతా గడియారం దగ్గర వచ్చింది. అది వాళ్ల నాన్నది. ఇద్దరూ కావాలంటే తగువనిపించుకునేది. ఇక్కడ ఇద్దరూ వద్దన్నారు. ‘పుట్టింటి వస్తువు, పెళ్లి చేసుకుని పోయేదానికే చెందాలి’ అని అక్క. ‘గడప దాటి పోయేదాన్ని నేను, ఇంట్లోది ఇంట్లోనే ఉండాలి’ అని చెల్లెలు. ఈ మాటలు కూడా ఒకరితో ఒకరు అనుకున్నవి కావు, ఇద్దరూ విడివిడిగా అల్లుడి భార్యకి ఫోన్లో చెప్పినవి.

అల్లుడు సంచీలో టార్చి, భూతద్దం, చిన్న స్క్రూడ్రైవర్లు, తుడిచే గుడ్డ వేసుకుని బయల్దేరాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అనే సామెత దారి పొడవునా ఆయనకి తోడుగా వచ్చింది.

తలుపు తీసింది అత్తగారు. మంచినీళ్ల వంకతో నేరుగా వంటింట్లోకి తీసుకెళ్లి, గొంతు తగ్గించింది.

“బాబూ, ఒక్క సాయం చెయ్యాలి. అది ఎంత గొప్పదైనా సరే, చవకదని చెప్పండి.”

“ఎందుకండీ?”

“ఖరీదైనదంటే మా చెల్లెలు చస్తే తీసుకోదు. దాని సంగతి మీకు తెలీదు. చిన్నప్పుడు నా జడ రిబ్బను నేనే ఇచ్చినా కట్టుకునేది కాదు. చవకదంటే, పోనీలే అని పట్టుకుపోతుంది.”

“నేను చూసింది చూసినట్టు చెబుతానండి. అదే నా ఉద్యోగం.”

“ఉద్యోగం ఆఫీసులో,” అంది అత్తగారు. “ఇది ఇల్లు.”

నీళ్లు తాగి బయటికి రాగానే పినత్తగారు వసారాలోంచి చెయ్యి ఊపింది. ఆరేసిన దుప్పటి చాటుకి వెళ్లాక చెప్పింది.

“ఎంత పలికినా సరే, చవక రకమని చెప్పండి బాబూ. అక్క మనసు మీకు తెలీదు. ఖరీదైనదని తెలిస్తే, రాత్రికి రాత్రి నా పెట్టెలో సర్దేస్తుంది. దేనికీ పనికిరాదంటే, సరే పడి ఉండనీ అని ఉంచుకుంటుంది. రేపట్నుంచి ఆ గదిలో ఒక్కతే ఉండాలి. కనీసం అదైనా టిక్కుటిక్కుమంటూ ఉంటే...”

అక్కడితో ఆపి దుప్పటి సరిచేసింది. అది సరిగానే ఉంది.

అల్లుడు ముందుగదిలోకి వచ్చాడు. ఇద్దరు రోగులూ కోరింది ఆ పాలే. ఇంక వైద్యుడు వస్తువుని చూడటమే తరువాయి.

ఒకప్పుడు చలి కాచుకోవడానికి గోడలో కట్టిన గూడు అది. ఎప్పుడో ఇటుకలతో మూసేశారు. పైన రాతిపలక మాత్రం మిగిలింది. దాని మీద తాళంచెవులు, తలనొప్పి మాత్రలు, కత్తెర, మధ్యలో గడియారం. మూరెడు ఎత్తు, నల్లగా మెరిసే చెక్క పెట్టె, రెండు పక్కలా స్తంభాలు, స్తంభాల తలల మీద బంగారు రంగు.

ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తి, కుట్టు బల్ల మీద దుప్పటి పరిచి, దాని మీద పెట్టాడు. అక్క కిటికీ పక్క కుర్చీలోనూ, చెల్లెలు తలుపు పక్క కుర్చీలోనూ కూర్చున్నారు. ఇద్దరి మధ్యా ఆయనా, గడియారమూ.

ముందు పెట్టె చూశాడు. టార్చి పక్కకి వాల్చి వేస్తే చెక్క మీద అంటించిన పల్చటి పొర రెండుచోట్ల ఉబ్బి కనిపించింది. అడుగున పురుగు తొలిచిన చిల్లులు ఉన్నాయి. వేలితో తట్టాడు, పొడి రాలలేదు, పురుగు ఎప్పుడో పోయింది. స్తంభాల మీది బంగారు రంగు మీద భూతద్దం పెట్టాడు.

“ఇది కిటికీ ఊచలకి వేసే పెయింటు,” అన్నాడు.

“నాన్నే వేశాడు,” అంది అత్తగారు, గర్వంగానే.

తెల్లటి డయలు మీద వెంట్రుక మందాన పగుళ్లున్నాయి. పెద్దముల్లు ఒక తీరుది, చిన్నముల్లు వేరే తీరుది. వెనకతలుపు తీసి, లోలకం విప్పి గుడ్డ మీద పెట్టి, లోపలికి టార్చి వేశాడు. చాలాసేపు వంగి చూశాడు. ఒక స్క్రూ తీశాడు, మళ్లీ బిగించాడు. ఆ మౌనంలో అక్క చెల్లెల్ని చూడకుండా, చెల్లెలు అక్కని చూడకుండా, ఇద్దరూ ఆయన వీపునే చూస్తూ కూర్చున్నారు.

చివరికి నడుం పట్టుకుని లేచి, చేతులు తుడుచుకున్నాడు.

“ఇది పెళ్లండి,” అన్నాడు.

కిటికీ పక్క కుర్చీ కిర్రుమంది.

“మీరు కూడా ఆ మాటే ఎత్తుతారా?” అంది అత్తగారు.

“మా వృత్తిలో అలా అంటారండి. పెట్టె ఒక గడియారానిది. యంత్రం ఇంకో గడియారానిది. తర్వాతెప్పుడో ఎవరో కలిపారు.”

“ఎంత తర్వాత?”

“చాలా తర్వాతే. పెట్టెకి వయసు మళ్లాక.”

పినత్తగారు కాలి వేళ్ల వైపు చూసుకుంది.

“కుదిరిందా మరి?” అంది అత్తగారు.

“పాత రంధ్రాలు పూడ్చి, కొత్తవి పొడిచి, లోపల చెక్క కాస్త చెక్కి కూర్చోబెట్టారు. లోలకం మీద ఒక నంబరుంది, యంత్రం మీద ఇంకో నంబరుంది. అంటే లోలకం మూడో చోట నుంచి వచ్చింది. నడవడం నడుస్తోంది. కానీ వెల పడిపోతుంది.”

“నడుస్తుంటే వెల ఎందుకు పడిపోతుంది?” పినత్తగారు మొదటిసారి నోరు విప్పింది.

“కొనేవాళ్లు ఒప్పుకోరండి.”

“కొనేవాళ్లని ఎవరడిగారు?”

దీనికి జవాబు అల్లుడి ఉద్యోగంలో ఎక్కడా నేర్పలేదు. అలవాటైన చోటికి వచ్చేశాడు. “ఈ పెట్టెకి జతయిన యంత్రమే ఉండుంటే మంచి ధరే పలికేది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, కొనేవాడంటూ దొరికితే, రెండు ప్లాస్టిక్ కుర్చీలూ ఒక మంచి గొడుగూ వస్తాయి. అంతే.”

ఇద్దరి ముఖాలూ ఒకేసారి వెలిగాయి. అల్లుడికి ఒక్క క్షణం తన ఉద్యోగం మీద ప్రేమ పుట్టింది. ఇంత తక్కువ వెల చెప్పి ఇంత సంతోషం ఆయన ఎప్పుడూ చూడలేదు.

అత్తగారు టీ పెట్టే నెపంతో లేచి, వెళ్తూ వెళ్తూ ఆయన భుజం పక్కన ఆగింది. “మీ ఋణం తీర్చుకోలేను బాబూ. ఆ నంబర్ల కథ ఒక్కటి చాలు, నాకే నిజమనిపించింది.”

“నిజమేనండి.”

“అలాగే అనండి,” అని కన్ను గీటి వంటింట్లోకి పోయింది. అత్తగారు కన్ను గీటడం అల్లుడు చూడటం అదే మొదలు.

ఆవిడ అటు వెళ్లగానే పినత్తగారు ఇటు వచ్చింది. “పెయింటు, పురుగు, పగుళ్లు. ఎంత బాగా అల్లారు. అసలెంత ఉంటుంది, నా ఒక్కదానికే చెప్పండి.”

“చెప్పానుగా అండీ. రెండు కుర్చీలూ గొడుగూ.”

“సరే, సరే. మీ నోటి నుంచి రాదని నాకు తెలుసు. చాలా ఎక్కువే అయ్యుంటుంది,” అంది ఆవిడ, గడియారం వైపు కొత్త భక్తితో చూస్తూ.

టీ వచ్చింది. అసలు గొడవ అప్పుడు మొదలైంది. “చవకదేనట. తీసుకుపొమ్మని చెప్పండి దానికి,” అంది అత్తగారు, కిటికీతో. “చవకదేనట. ఇక్కడే పడి ఉండనిమ్మని చెప్పండి ఆవిడకి,” అంది పినత్తగారు, తలుపుతో. రెండు మాటలూ అల్లుడి మీదుగా అటూ ఇటూ పోయాయి. మనసులో మాత్రం ఇద్దరికీ అది లక్షలు చేసేదే. అందుకని ఇద్దరూ పట్టు బిగించారు. ‘అంత విలువైనది, పాపం, తెలీక వదులుకుంటోంది’ అని ఎవరి జాలి వాళ్లకి. జాలి పెరిగిన కొద్దీ గొంతులు పెరిగాయి. అల్లుడు అడకత్తెరలో పోకచెక్కలా కూర్చుని, టీ చల్లారనిచ్చి, ఇక లాభం లేదని లేచాడు.

“మీ ఇద్దరికీ కలిపి ఒక మాట చెబుతాను. మీరు వంటింట్లో నన్ను అబద్ధం చెప్పమన్నారు. మీరు వసారాలో అదే అబద్ధం చెప్పమన్నారు. నాకు ఆ అవసరం రాలేదు. అది నిజంగానే చవకది. నేను ఎవరి కోసమూ ఏమీ అల్లలేదు.”

అత్తగారు మెల్లగా తల తిప్పి, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి చెల్లెలి ముఖంలోకి చూసింది.

“నువ్వెందుకు చెప్పమన్నావు?”

“ఖరీదైనదంటే నువ్వు ఉంచుకోవని. నువ్వెందుకు చెప్పమన్నావు?”

“ఖరీదైనదంటే నువ్వు తీసుకోవని.”

అత్తగారు అంది, “ఇంత చిన్న మాటకి మధ్యలో మనిషి కావాలా?”

“మాట్లాడటం మానేసింది నేనా?”

“ఎలా మాట్లాడమంటావు? నీకు పెళ్లని నాకెవరు చెప్పారో తెలుసా? కింద ఇస్త్రీ చేసే ఆవిడ. నీ చీరలు ఇస్తూ చెప్పింది. వీధికంతా తెలిసి, ఆ చీరలకి కూడా తెలిసి, చివరికి నాకు తెలిసింది.”

పినత్తగారు కుర్చీలో ముందుకు జరిగింది. “నీకు చెప్పాలంటే భయమేసింది అక్కా.”

“ఏం, తంతానా?”

“తంతే బాగుండేది. వద్దని గొడవ చేస్తావేమో అని భయం కాదు. సరే అంటావేమో అని భయం. నువ్వు సరే అన్నావంటే ఇక నేను నిజంగా వెళ్లిపోవాల్సిందే కదా.”

అత్తగారు పమిట చెంగుతో ముక్కు తుడుచుకుంది. ఏడవలేదు. ఏడుపు వస్తే ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తుందని కూతురు చెబుతూ ఉండేది. ఆ రోజు బల్ల మీద సూది లేకపోవడంతో గడియారం లోలకం చేతిలోకి తీసుకుని, నిమిరి, మళ్లీ పెట్టింది.

“నేను సరే అని చాలా రోజులైంది,” అంది. “నీకు చెప్పలేదంతే. మాట్లాడటం లేదు కదా.”

అల్లుడు బయటికి పోదామని తలుపు వైపు నడిచాడు. తలుపు తీస్తే ఎదురుగా కళ్లజోళ్లాయన, చేతిలో బిస్కెట్ల పొట్లంతో, తలుపు కొట్టాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. లోపలికి వచ్చి, అందరికీ దణ్ణం పెట్టి, విప్పి ఉన్న గడియారం చూశాడు.

“దీని గురించేనా?” అన్నాడు.

“నాన్నది. నాతో పంపిస్తానంటోంది అక్క,” అంది పినత్తగారు.

“గంటలు కొడుతుందా?”

“గంటకోసారి, అరగంటకోసారి,” అన్నాడు అల్లుడు.

కళ్లజోళ్లాయన బిస్కెట్ల పొట్లం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. “అయితే నాకు వద్దండి. నాది కుక్క నిద్ర. అరగంటకోసారి లేస్తే, పొద్దున జనానికి ఎడమకన్ను అద్దం కుడికన్నుకి బిగిస్తాను.”

పెళ్లికి ముందు మగవాడు అత్తవారింట్లో ఇంత సూటిగా వద్దనడం అత్తగారు ఎప్పుడూ వినలేదు. ఆయన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, “కూర్చోండి, టీ ఇస్తాను,” అంది. మేడలో ఆయనకి దొరికిన మొదటి టీ అదే.

ఇక గడియారం అక్కకే మిగులుతుందని అల్లుడు అనుకున్నాడు. కానీ అత్తగారి తల అడ్డంగా తిరిగింది. చెల్లెలు వద్దన్నదాన్ని, మరిది కాబోయేవాడు వద్దన్నదాన్ని, తానొక్కతీ ఉంచుకుంటే నాలుగు కాలాల పాటు వాళ్ల సొమ్ము తిన్నట్టుంటుందట. అక్కాచెల్లెళ్లు వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. లోపలి నుంచి గుసగుసలు, తర్వాత ఒక నవ్వు, తర్వాత ఇంకో నవ్వు వినిపించాయి. బయటికి వచ్చి ఇద్దరూ ఒకే వైపు కూర్చున్నారు.

“అల్లుడుగారూ, గడియారం మీరు తీసుకోండి,” అంది అత్తగారు.

“నాకెందుకండీ?”

“మీరు మా కోసం ఎంత కష్టపడ్డారో మాకు తెలుసు.”

“నేనేమీ కష్టపడలేదు. ఉన్నదే చెప్పాను.”

“అదే మీ గొప్పతనం,” అంది పినత్తగారు.

“అంత విలువైనది నేను తీసుకోకూడదు,” అని చూశాడు అల్లుడు, వాళ్ల దారిలోనే వెళ్లి తప్పించుకుందామని.

“విలువ లేదని మీరేగా అన్నారు,” అంది అత్తగారు. “చవకదైతే తీసుకోవడానికేం? ఖరీదైనదైతే మాకు అబద్ధం చెప్పినట్టు. ఏదో ఒకటి ఒప్పుకోండి.”

కళ్లజోళ్లాయన బిస్కెట్టు టీలో ముంచుకుంటూ, ఇందులో తాను చెప్పగలిగిందేమీ లేదన్నట్టు ముఖం పెట్టాడు. అల్లుడు ఇరవై ఏళ్ల ఉద్యోగంలో వేల వస్తువులకి వెల కట్టాడు గాని, ఒక్క ప్రశ్నకి కూడా ఇలా దొరికిపోలేదు. లోలకాన్ని గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుని, గడియారాన్ని పసిపిల్లాడిలా ఎత్తుకుని మెట్లు దిగాడు.

దాన్ని ఇంట్లో పెట్టడానికి తగిన చోటు దొరక్క, నాలుగు రోజులు వాషింగ్ మెషిన్ మీద ఉంచాడు. బట్టలు తిరిగినప్పుడల్లా ఆగిపోయేది. తర్వాత పుస్తకాల గూట్లోకి మార్చాడు. ఒక సెలవురోజు, చూసేవాళ్లెవరూ లేనప్పుడు, పురుగు చిల్లుల్లో మైనం నింపాడు. వేరే తీరు ముల్లు తీసి జత ముల్లు కొనాలనుకున్నాడు గాని, ఎందుకో తీయబుద్ధి కాలేదు.

పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో అయింది. అక్క సాక్షి సంతకం పెట్టింది. సంతకం గీత మీద కాకుండా గీత కింద, ఇంకొకరి చోట పెట్టింది. గుమస్తా చూపించాక కూడా ఆవిడకి గీత కనిపించలేదు. కళ్లజోళ్లాయన ఆ సంగతి చూశాడు. పెళ్లి దండ మెడలో ఉండగా ఏమీ అనలేదు.

వారం తర్వాత, కళ్లు చూపించుకోవడానికి దుకాణానికి రమ్మని కబురు పెట్టాడు. అత్తగారు రానని చెప్పింది. నా కళ్లు నాకు బాగానే ఉన్నాయంది. కూతురు అటు నుంచి, చెల్లెలు ఇటు నుంచి నస పెట్టగా పెట్టగా, చివరికి అల్లుణ్ణి వెంటబెట్టుకుని, బజారు పని మీద వచ్చినట్టు దుకాణం మెట్లెక్కింది.

కళ్లజోళ్లాయన ఆవిడని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఇనప చట్రం పెట్టి, గోడ మీది అక్షరాల బోర్డు మీద దీపం వేశాడు.

“పై వరుస చదవండి వదినగారూ.”

“అ,” అంది ఆవిడ. “అది ఎవరైనా చదువుతారు.”

“రెండోది?”

“గ, ప, ర.”

“కిందిది?”

“అవి అక్షరాలు కావు. చీమలు.”

ఆయన చట్రంలో ఒక అద్దం వేశాడు. “ఇప్పుడు?”

“లావు చీమలు.”

ఇంకో అద్దం మార్చాడు. పక్క షాపులోంచి పినత్తగారు మందుల సీసా చేత్తో పట్టుకునే వచ్చి, గుమ్మంలో నిలబడింది. ఆయన మూడో అద్దం వేసి, మెల్లగా సగం చుట్టు తిప్పాడు. అత్తగారు ముందుకి వంగింది. పెదవులు కదిలాయి. గొంతు సవరించుకుని, ఆ వరుసలోని అక్షరాలన్నీ, దాని కింది వరుసా, దాని కింద కంపెనీ పేరు అచ్చేసిన సన్నటి గీత దాకా, పాఠం అప్పజెప్పే పిల్లలా ఆగకుండా చదివేసింది.

చదవడం అయ్యాక తల తిప్పి, ఆ బరువైన చట్రంలోంచే చెల్లెల్ని చూసింది. చాలాసేపు చూసింది.

“నీకు ఇన్ని తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయే?” అంది.

“ఎప్పటి నుంచో ఉన్నాయక్కా.”

అత్తగారు చట్రం తీసి ఆయన చేతికిచ్చింది.

“నల్ల ఫ్రేము చూపించండి మరిదిగారూ,” అంది. “పల్చటిది వద్దు. గట్టిది.”